ఐదు గిన్నెల కార్డు

ఇరవైతొమ్మిది సి చివరి స్టాపులో దిగి
ఇసుకలోకి నడిస్తే, సుండల్ బండికి ఇవతల
చాప పరుచుకుని కూర్చుంటుంది ఇన్బవల్లి.
ఇన్బమంటే సంతోషమట.
ఆ పేరు పెట్టుకుని ఈ పని చేస్తున్నందుకు
ఆమెకు నవ్వు రాదు. నాకూ రాలేదు.

సముద్రపు గాలికి కార్డులెగరకుండా
ఒక్కోదాని మీద ఒక్కో గవ్వ.
"ఒకటి తియ్యక్కా" అంది.
తీశాను.

నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి.
మొహం కనపడదు, వంగిన మెడ ఒక్కటే.
కాళ్ల ముందు మూడు గిన్నెలు పడిపోయి ఉన్నాయి.
ఒలికింది రక్తమో ద్రాక్షరసమో
ఆ నాసిరకం అచ్చులో తేలడం లేదు.
వెనక రెండు గిన్నెలు, పడనివి.
అవతల ఏరు, ఏటి మీద వంతెన,
వంతెన దాటితే ఓ ఇల్లు.

"వెనక్కి తిరగమంటోందక్కా,
రెండు మిగిలాయి కదా, చూడమంటోంది."

అందరూ అదే అంటున్నారు.
పెద్దకర్మ రోజు విస్తట్లో పప్పు వడ్డిస్తూ అన్నారు.
పెరంబూరు డిపోలో తమ్ముడి తోలుసంచీ తెరిచి
మేనేజరు కూడా అన్నాడు, తమిళంలో, మర్యాదగా.
సంచీలో చిల్లర కార్పొరేషన్‌దట.
నల్లతాడు కట్టిన విజిల్ మాత్రం మాదట.

ఒకటి ఊదితే ఆగాలి.
రెండు ఊదితే పోలాం.
"మూడు ఊదితే?" అని యామిని వాళ్ల నాన్ననడిగేది.
"మూడు ఊదకూడదమ్మా,
ఏం చెయ్యాలో డ్రైవరుకి తెలీదు" అనేవాడు ధనుంజయ.

ఆ రోజు అడయారు సిగ్నల్ దాటాక
ఒకటే ఊదాడట.
బస్సు ఆగింది.
ఇక్కడ స్టాపు లేదే అని ఎవరో విసుక్కున్నారట.

"ఆ గిన్నెలు ఎవరు పడేశారు?" అనడిగాను.
కార్డు అది చెప్పదంది.
"పోనీ, ఈ మనిషి ఎప్పుడు తిరుగుతాడు?"
"అట్టమీది మనిషక్కా. తిరగడు."

అయితే చూసుకోనీ.
ఒలికింది ఇసుకలో ఇంకిపోయేదాకా
ఒక్కరైనా చూడాలి కదా దాన్ని.
పాలు పొంగిపోయినప్పుడు కూడా
స్టవ్వు కట్టేసి, గుడ్డ కోసం వెతక్కుండా
ఒక్క నిమిషం అలాగే నిలబడతాం.
పాలకే అంత.

వంతెన సంగతి ఆమె చెప్పలేదు, నేనడగలేదు.
ఉత్తరాన, అడయారు సముద్రంలో కలిసే చోట
మా ఊరి వంతెన కనపడుతూనే ఉంది,
నడుమ తెగిపోయి.
దాటడానికి పనికిరాదు.
అయినా పొద్దు వాలితే కుర్రాళ్లు
తెగిన అంచుదాకా నడిచివెళ్లి
కాళ్లు వేలాడేసి కూర్చుంటారు.
చీకటిపడ్డాక వెళ్లిన దారినే వస్తారు.
ఇన్నేళ్లయినా దాన్ని వంతెన అనే అంటున్నారు.
పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు.

నా వెనక ఎవరున్నారో నాకు తెలుసు.
బండి దగ్గర మా మరదలు ప్రసూన,
నా వంతు సుండల్ పొట్లం చల్లారకుండా
రెండు అరచేతుల్లో మూసి పట్టుకుని.
పక్కన యామిని, చెప్పులు చేతిలో,
విజిల్ మెళ్లో.
చావు జరిగిన రోజు నుంచీ వేసుకునే ఉంది,
పడుకునేటప్పుడు కూడా. ఊదడం మటుకు వినలేదు.
ఇద్దరూ పిలవడం లేదు.
మిగిలినవాళ్లు అనిపించుకోవడం
వాళ్లకెలా ఉంటుందో
ఏ కార్డులోనూ ఉన్నట్టు లేదు.

ఓ అల వచ్చి చాప అంచు తడిపిపోయింది.
ఇన్బవల్లి గవ్వలు ఏరుకుంటోంది,
యాభై రూపాయలకు చిల్లర లేదంటోంది.
నేనింకా ఒలికినవాటినే చూస్తున్నాను.

వెనక నుంచి వినపడింది.
ఒకటి.
రెండు.
కాస్త ఆగి, మూడోది.

ఏం చెయ్యాలో తెలీక
తిరిగాను.